రెండో డిగ్రీ వదిలేస్తనంటే పిల్లను తిట్టకుండ్రి



ఈ మధ్య మా దిక్కు పెండ్లికి పోయినా, దినాలకు పోయినా ఒకటే ముచ్చట. "మావోడు రెండు డిగ్రీలు చేస్తున్నడు." "మా బిడ్డ కాలేజీల ఒకటి, ఆన్‌లైన్ల ఒకటి చదువుతున్నది." ఒకప్పుడు ఎన్నెకరాలున్నయో చెప్పుకునేటోళ్ళం, తర్వాత ఎవలింట్ల ట్రాక్టరున్నదో చెప్పుకున్నం, ఇప్పుడు డిగ్రీలు లెక్కవెడుతున్నం. మంచిదే. మన పిల్లలు చదువుతున్నరంటే నాకూ సంతోషమే. ఇంటర్ కాడ ఆగిపోయినోన్ని, చదువు విలువ నాకు ఇంకొకలు చెప్పక్కరలేదు.

కాని ఈ ముచ్చటకు రెండో దిక్కు ఒకటున్నది. "నాతోని అయితలేదు, రెండిట్ల ఒకటి వదిలేస్త" అని ఆ పిల్ల నోరు తెరిచి అడిగిన దినం ఇంట్ల ఏం జరుగుతున్నదో ఎవ్వరు బయట చెప్పుకుంటలేరు. మొన్న మా ఇంట్లనే అది చూసిన. అందుకే ఇయ్యాల దీని గురించి రాస్తున్న. పొడుగు పోస్టు. తీరుబాటుగ చదువుండ్రి, సగం చదివి తిట్టకుండ్రి.

నా మాట ముందే చెప్త. రెండు డిగ్రీలల్ల ఉన్న పిల్ల ఒకటి చాలు అన్నదంటే చదువు చేతగాలేదని అనుకోవద్దు. టైముకు, కాయితాలు సరిగ్గ చూసుకోని చేస్తే అది తెలివైన పని. మనం సిగ్గుపడి ఆపుతమే, అక్కడ వస్తది అసలు నష్టం.

ముందుగాల ఈ రెండు డిగ్రీలు అంటే ఏందో తెలువాలె. మనోళ్ళు అన్నిటిని ఒక్క గాటికే కట్టేస్తరు గాని ఇండ్ల రకాలున్నయ్.

ఒక రకం అయిదేండ్ల కోర్సు. జేఈఈ రాసి ఐఐటీకి పోయే పిల్లలల్ల కొందరికి నాలుగేండ్ల బీటెక్ గాకుండ అయిదేండ్లల్ల బీటెక్, ఎంటెక్ రెండూ వచ్చే సీటు వస్తది. బిట్స్ పిలానీల ఎమ్మెస్సీల చేరిన పిల్లలకు మొదటేడు మార్కులను బట్టి ఇంజినీరింగ్ కూడా కలుపుతరు, అది కూడ అయిదేండ్లే. విడివిడిగ చదివితే నాలుగు, రెండు మొత్తం ఆరేండ్లు పట్టేది ఇండ్ల అయిదేండ్లల్ల అయిపోతది, ఎంటెక్ కోసం మళ్ళ గేట్ పరీక్షకు కొట్లాడే పని ఉండది. లాభమే. కాని నాలుగో ఏడు వచ్చేసరికి పక్క గదిల దోస్తు ఉద్యోగంల చేరుతుంటే, మనోడు ఇంకో ఏడు థీసిస్ పట్టుకోని కూసోవాలె. అప్పుడు చాలమంది ఆలోచన మారుతది.

ఇంకో రకం లా చదువు. బీఏ ఎల్ఎల్‌బీ అయిదేండ్లది. మూడేండ్లు చదివి "బీఏ ఇచ్చేయుండ్రి, పోత" అంటే కుదరది. బార్ కౌన్సిల్ 2008 రూల్సులనే ఆ రెండు డిగ్రీలను విడగొట్టి మధ్యల ఒకటి చేతికిచ్చి పంపొద్దని రాసి ఉన్నది. ఇది తెలువక మూడేండ్లు చదివినంక ఆగమయ్యేటోళ్ళు ఉంటరు. లాల చేర్పించే తల్లిదండ్రులు ఈ ఒక్క ముక్క మనసుల పెట్టుకోండ్రి.

మూడో రకం మన ఊర్లల్ల ఎక్కువ కనవడేది. ఒక్కసారే రెండు డిగ్రీలు. ఇదివరకు ఇది చెల్లకపోయేది. 2022 ఏప్రిల్‌ల యూజీసీ దీనికి ఒప్పుకున్నది. అప్పుడు యూజీసీ ఛైర్మన్‌గ ఉన్నది ఎం. జగదీశ్ కుమార్ సారు, మన నల్లగొండ దిక్కు ఆయననే. రెండూ కాలేజీకి పోయి చదివేటివైతే క్లాసుల టైములు ఒకదాని మీద ఒకటి పడొద్దు. లేకుంటే ఒకటి కాలేజీల, ఒకటి దూరవిద్యల గాని ఆన్‌లైన్ల గాని చేయొచ్చు. రెండూ ఆన్‌లైన్ల కూడ చేయొచ్చు. పీహెచ్‌డీకి ఇది వర్తించది.

ఈ ఆన్‌లైన్ డిగ్రీలల్ల బాగ పేరువడ్డది ఐఐటీ మద్రాస్ వాళ్ళ డేటా సైన్స్ బీఎస్. జేఈఈ అక్కరలేదు, వాళ్ళు పెట్టే నాలుగు వారాల పాఠాలు చదివి అర్హత పరీక్ష పాసయితే సీటు. పాఠాలు ఇంట్ల కూసోని చూడొచ్చు, పరీక్షలు మాత్రం సెంటరుకు పోయి రాయాలె. పేద పిల్లలకు ఫీజుల తగ్గింపు ఉన్నది. నాకు అండ్ల నచ్చిన సంగతి ఒకటున్నది: అది మెట్లు మెట్లుగ ఉంటది. మొదట ఫౌండేషన్, తర్వాత డిప్లొమా, తర్వాత బీఎస్సీ, ఆఖరికి బీఎస్. ఏ మెట్టు మీద ఆగినా ఆ మెట్టు కాయితం చేతికి వస్తది. పెట్టినోళ్ళకు పిల్లల సంగతి తెలిసే పెట్టిన్రు. అందరు ఆఖరి మెట్టు దాకా రారు అని వాళ్ళే ఒప్పుకున్నరు, ఒప్పుకోంది మనమే.

ఇగ మా ఇంటి ముచ్చటకు వస్త.

మా పెద్దన్న చిన్న బిడ్డ హైదరాబాద్ పక్కపొంటి ఒక ప్రైవేటు కాలేజీల బీటెక్ ఈసీఈ మూడో ఏడు చదువుతున్నది. అసొంటి ఆన్‌లైన్ డిగ్రీనే ఒకటి రెండో ఏడుల మొదలువెట్టింది. ఎవ్వరు బలవంతం చేయలే, తనే ఇష్టపడి చేరింది. మొదటి ఆరు నెలలు మంచిగనే నడిచింది. మా అన్న ఊరంత చెప్పుకున్నడు. రైతు వేదికల ఏఈఓ మేడం పత్తి మీటింగ్ పెడితే అండ్ల కూడ చెప్పిండు.

పోయిన నెల రాత్రి పదకొండు గంటలకు పిల్ల ఫోన్ చేసింది. "చిన్నాయినా, బాపుకు చెప్పేటందుకు భయమైతున్నది. నువ్వు చెప్పవా?" అన్నది. ఏం చెప్పాలె బిడ్డా అంటే, తన దినం లెక్క చెప్పింది. పొద్దున ఏడుంబావుకు కాలేజీ బస్సు. సాయంత్రం ఆరుకు హాస్టల్. ఆన్‌లైన్ల ఒక్కో సబ్జెక్టుకు వారానికి పది గంటలు పడుతున్నయట, మూడు సబ్జెక్టులు తీసుకున్నది. అంటే ముప్పై గంటలు. దినాం రాత్రి మూడు గంటలు, శని ఆదివారాలల్ల మిగిలినయ్. ఇటు బీటెక్ ల్యాబ్ రికార్డులు, మిడ్ పరీక్షలు వేరే. ఒక ఆదివారం ఆన్‌లైన్ పరీక్ష రాసి వచ్చి సోమవారం మిడ్ రాసిందట. రాత్రి ఒంటిగంటన్నరకు పండుకుంటున్న అన్నది. పోయిన సెమిస్టర్ల రెండు సబ్జెక్టులు పోయినయ్. హాజరు 71 శాతం.

ఆ 71 అన్న మాటకు నాకు నిద్ర మబ్బు దిగింది. ఎందుకంటే జేఎన్టీయూ కింద ఉన్న కాలేజీలల్ల 75 శాతం హాజరు ఉండాలె. 65కు, 75కు నడుమ ఉంటే జ్వరమొచ్చిందనో ఏమనో డాక్టరు కాయితం పెట్టి, ఫీజు కట్టి మాఫీ అడుక్కోవాలె. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టరే పోయినట్టు. మనకొచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటు కూడ హాజరు మీదనే నడుస్తది. ర్యాంకు పది వేలు దాటిన బీసీ పిల్లలకు సర్కారు ఇచ్చేదే 35 వేలు, మిగిలింది మా అన్న వడ్లమ్మి కడుతున్నడు. ఆ 35 వేలు కూడ పోతే అప్పే దిక్కు.

చూడుండ్రి, ఏది కోసం ఏది పోతున్నదో. ఉద్యోగం తొందరగ వస్తదని రెండో డిగ్రీ పెట్టుకున్నది. ఆ రెండోదానితోని మొదటిదాంట్ల సబ్జెక్టులు పోతున్నయ్. క్యాంపస్‌కు కంపెనీలు వచ్చినప్పుడు బ్యాక్‌లాగులు ఉన్న పిల్లలను చాలావరకు పరీక్షకు కూసోనియ్యరు. వాళ్ళు రెండో డిగ్రీ సంగతి అడిగేది తర్వాత, ముందు గేటు కాడనే ఆపేస్తరు.

తెల్లారి మా అన్న ఇంటికి పోయిన. వదిన చాయ్ ఇచ్చింది. సంగతి చెప్పిన. అన్న చాలసేపు మాట్లాడలే. తర్వాత మూడు మాటలన్నడు. మూడూ మీరు కూడ అనేవే, అందుకే రాస్తున్న.

మొదటిది, "ఊరంత చెప్పిన, ఇప్పుడు మొకం ఎట్ల సూపియ్యాలె?" దీనికి నేను ఎక్కువ చెప్పలే. "అన్నా, ఊరు నీ బిడ్డ పరీక్ష రాస్తదా?" అని ఊకున్న. ఊరు రెండు దినాలు అనుకుంటది, మూడో దినం ఇంకొకల ఇంటి మీద పడ్తది. మీ ఊరైనా మా ఊరైనా అంతే.

రెండోది, "ఇప్పటికే నలభై వేల చిల్లర కట్టిన, అది మట్టిల పోసినట్టేనా?" దీనికి రైతుకు రైతు జవాబే చెప్పిన. పత్తి చేన్ల గులాబీ రంగు పురుగు పడ్డదనుకో. డిసెంబర్ దాటినంక చేను తీసేయుండ్రి, ఇంకో ఏరుడు కోసం నీళ్ళు పెట్టుకుంట సాగదీయకుండ్రి అని వ్యవసాయ శాఖోళ్ళు ఏటా చెప్తరు. మనమేం చేస్తం? విత్తనాలకింత, మందులకింత పెట్టిన, ఎట్ల పీకేస్త అని ఇంకో రెండు మందులు కొడతం. వచ్చేది గుడ్డి పత్తి, దానికి ఏరుడు కూలి కూడ రాదు. పైంగ ఆ పురుగు వచ్చే కారుకు విత్తనం లెక్క మిగులుతది. పెట్టిన పైసలు ఎటూ పెట్టినయే. చేను తీసేయాల్నా ఉంచాల్నా అన్నది ఇప్పటి సంది అయ్యే ఖర్చు, ఇప్పటి సంది వచ్చే పంట చూసి చెప్పాలె. మా అన్న నాకంటే మంచి పత్తి రైతు. ఈ సంగతి ఆయనకు తెలువంది కాదు, చేను కాడ ఒప్పుకుంటడు, బిడ్డ చదువు కాడ ఒప్పుకుంటలేడు.

మూడోది మాత్రం నిజమైన మాట. "తమ్మీ, ఈ దినాలల్ల ఉత్త బీటెక్‌కు ఎవడు ఉద్యోగం ఇస్తుండు? గల్లీకొక బీటెక్ ఉన్నడు. ఇంకోటి చేతుల ఉంటేనే కద లెక్క?" దీన్ని నేను కొట్టిపారేయలే, మీరు కూడ కొట్టిపారేయకుండ్రి. మా అన్నకు మూడెకరాలు. రేపు ఆ పిల్లకు ఉద్యోగం రాకపోతే ఇచ్చేటందుకు ఆయన కాడ ఇంకేం లేదు. ఆ భయం నుంచే వచ్చింది ఆ మాట, గొప్పకు వచ్చింది కాదు.

దీనికి నా జవాబు అంతర పంట.

మా చెల్కల మేము ఆరు సాళ్ళ పత్తికి ఒక సాలు కంది పెడతం. మా తాతలకాంచి ఉన్నదే. ఎందుకు నడుస్తది అది? కంది మొదటి రెండు నెలలు మెల్లగ పెరుగుతది, పత్తికి అడ్డం రాదు. దాని వేరు లోతుకు పోతది, పత్తి తాగే నీళ్ళ మీదికి రాదు. పత్తి ఏరుడు సగమైనంక కంది పూతకొస్తది. అంటే రెండూ ఒక్క పొలంల ఉన్నా ఒకటి అడిగే టైముల ఇంకోటి అడగది. అదే పత్తిల సాలు మార్చి సాలు మక్క వెయ్యుండ్రి, చూద్దాం. రెండూ తొలిరోజులనే యూరియా అడుగుతయ్, మక్క ఎగవెరిగి పత్తికి నీడ కొడ్తది. ఆఖరికి మక్క సగం, పత్తి పావు.

రెండు డిగ్రీలు కూడ ఇంతే. రెండోది ఎప్పుడు అడుగుతది, ఏం అడుగుతది అన్నది చూడాలె. బీకామ్ చదివే పిల్ల కాలేజీ మధ్యాహ్నానికి అయిపోతది, సాయంత్రం ఖాళీ, ఆమె ఇంకో ఆన్‌లైన్ డిగ్రీ చేస్తే అది పత్తిల కంది. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా బస్సు, ల్యాబులు ఉన్న ఈసీఈ పిల్ల, వారానికి ముప్పై గంటల లెక్కల చదువు ఇంకోటి పెట్టుకుంటే అది పత్తిల మక్క. తెలివి ఎక్కువ తక్కువల ముచ్చట కాదిది. రెండూ ఒక్క రాత్రినే అడుగుతున్నయ్, ఆ రాత్రి ఒక్కటే ఉన్నది.

"మరి బీటెక్‌కు తోడు ఏం లేకుండ పోవాల్నా?" అన్నడు అన్న. లేదు. చాలమందికి తెలువది గాని బీటెక్‌లనే మైనర్ అని ఒకటి ఉంటది. పూర్తి రెండో డిగ్రీ బదులు 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగ వేరే సబ్జెక్టుల చేస్తే, పట్టా మీదనే ఆ మైనర్ పేరు వస్తది. యూనివర్సిటీని బట్టి దానికి ఉండాల్సిన మార్కులు, బ్యాక్‌లాగుల రూలు వేరే వేరే ఉంటయ్. మొత్తం బీటెక్‌కే 160 క్రెడిట్లు కాబట్టి ఇది ఎంత చిన్నదో మీరే లెక్క వేసుకోండ్రి. మా పిల్లకు ఇప్పుడు అది కూడ కుదరకపోవచ్చు, బ్యాక్‌లాగులు ఉన్నయ్ కద. కాని ఇప్పుడు మొదటేడు చేరే పిల్లల తల్లిదండ్రులు రెండో డిగ్రీ ఫీజు కట్టే ముందు కాలేజీల మైనర్ గురించి ఒక్కసారి అడుగుండ్రి.

నేను పిల్లకు ఒక మాట చెప్పి చూసిన. డిప్లొమా మెట్టుకు ఇంక నాలుగు సబ్జెక్టులే ఉన్నయ్ కద బిడ్డా, అవి అయినంక ఆగరాదు, చేతుల ఒక కాయితం ఉంటది అని. "చిన్నాయినా, ఆ నాలుగింటితోనే కద నాకు నిద్ర లేదు. బ్యాక్‌లాగులు పోయినంక, బీటెక్ అయినంక మళ్ళ చేస్తే చేస్త. ఇప్పుడు నాతోని కాదు" అన్నది. సరే అన్న. ఇన్నేండ్లు అడిగింది చేసి చూపిన పిల్ల, ఇప్పుడు కాదు అంటే దాంట్ల ఎంత బరువున్నదో మనం అర్థం చేసుకోవాలె. హాస్టల్ గదులల్ల పిల్లలు ప్రాణాలు తీసుకున్న వార్తలు మనం పేపర్ల చదువుతనే ఉన్నం. రాత్రి పదకొండుకు ఫోన్ చేసి చెప్పిందంటే, నా మట్టుకు అది ఆ పిల్ల తెలివి. చెప్పుకునేటందుకు మనిషి దొరకని పిల్లల గురించే నాకు బుగులు.

అట్లని చెప్పి వదిలేస్త అన్న ప్రతి పిల్లగాని మాట పట్టుకోవద్దు కూడ. ఇది కూడ రాయాలె, లేకుంటే నేను ఒక్క దిక్కే మాట్లాడినట్టు అయితది. ఒక్క పరీక్ష పోయిందని, ఒక సారు తిట్టిండని, దోస్తు వదిలేసిండని వదిలేస్తనంటే ఆగుమనాలె. రెండు వారాలు ఆగి మళ్ళ అడగాలె. కోపం దిగినంక కూడ అదే మాట అంటే అప్పుడు వినాలె. అయిదేండ్ల కోర్సుల నాలుగేండ్లు అయిపోయి, పరిశోధన అంటే ఇష్టమున్న పిల్లగాడు ఉద్యోగం జీతం చూసి దిగిపోతనంటే, నేనైతే వద్దనే చెప్త. అప్పటికే ఎంటెక్ సబ్జెక్టులు సగం అయిపోయి ఉంటయ్, ఒక్క ఏడుల రెండో పట్టా వస్తది. బయటికి పోయి తర్వాత మళ్ళ ఎంటెక్ అంటే గేటు, రెండేండ్లు, అన్నీ మొదటికొస్తయ్.

జొన్నల, మక్కల ఒత్తు మొక్కలు ఎప్పుడు తీస్తం? మొలిచిన పది పదిహేను దినాలల్ల. అప్పుడు తీస్తే ఉన్న మొక్కకు బలం. కంకి వేసేటప్పుడు పీకితే పక్క మొక్క వేరు కూడ కదులుతది. మొదటి రెండు మూడు సెమిస్టర్లల్ల ఈ నిర్ణయం తేలికగ అయితది, పోను పోను కష్టమైతది. అందుకే ఆరు నెలలకోసారి పిల్లను కూసోవెట్టుకోని "రెండూ నడుస్తున్నయా? నిద్ర పోతున్నవా? హాజరు ఎంత?" అని అడగాలె. మార్కులు ఎన్ని అన్నది ఆఖరికి అడుగుండ్రి.

ఏది ఉంచాలె, ఏది వదలాలె అంటరేమో. మామూలుగ సర్కారు ఫీజు వచ్చేదాన్ని, కాలేజీకి పోయేదాన్ని ఉంచుకుంటరు. కాని పిల్లకు బీటెక్ మీదనే మనసు లేకపోతే, ఆన్‌లైన్ చదువే నచ్చితే? అది కూడ ఉంటది. అయితే కాలేజీ వదిలిపెట్టేటప్పుడు అసలు సర్టిఫికెట్ల కాడ గొడవ అయితది. మిగిలిన ఏండ్ల ఫీజు కడితేనే ఇస్తమని కొన్ని కాలేజీలు అంటయ్. పిల్లల అసలు సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018ల రాసి ఇచ్చింది. ఆ కాయితం కాపీ తీసుకోని పోతే మాట తీరు మారుతది. వట్టి చేతులతోని పోతే మనల్ని రైతులే కద అని బెంచీ మీద కూసోవెడతరు.

ఇగ కాయితాల సంగతి. మాట్లాడుకునుడు సగమే, మిగిలిన సగం ఆఫీసుల ఉంటది.

మొదట ఆ యూనివర్సిటీ రూల్సుల బయటికొచ్చే దారి ఉన్నదా లేదా చూడుమని పిల్లకే చెప్పుండ్రి. అయిదేండ్ల కోర్సులల్ల ఒక్కో సంస్థకు ఒక్కో తీరు. కొన్ని నాలుగేండ్లకు బీటెక్ ఇచ్చి పంపుతయ్, కొన్ని ఏ సెమిస్టర్ల అడగాల్నో ముందే తారీఖు పెడతయ్, ఆ తారీఖు దాటితే ఏడు ఆగాలె. ఎంటెక్ కోసం చదివిన సబ్జెక్టులు బీటెక్‌ల కలుస్తయా, ఉత్తగ పోతయా అన్నది కూడ అండ్లనే తెలుస్తది. దరఖాస్తు నోటితోని కాదు, రాసి పెట్టాలె.

క్రెడిట్లు ఉత్తగ పోతయని భయపడేటోళ్ళకు ఒక మాట. కేంద్రం 2021ల అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పెట్టింది. పిల్ల పాసయిన సబ్జెక్టుల క్రెడిట్లు ఆమె ఖాతల జమ అయితయ్, ఏడేండ్ల దాకా చెల్లుతయ్. మిర్చి ధర లేనప్పుడు మనం వరంగల్‌లనో ఖమ్మంలనో కోల్డ్ స్టోరేజీల పెట్టి ఆగుతం చూడుండ్రి, అసొంటిది. అండ్ల పెట్టిన మిర్చి కూడ ఎల్లకాలం ఉండది, రంగు తప్పుతది. ఇదీ అంతే, గడువున్నది. ఇంకో సంగతి, యూనివర్సిటీ ఆ బ్యాంకుల చేరి ఉంటేనే, మార్కులు అండ్లకు ఎక్కిస్తేనే అవి కనవడ్తయ్. పిల్ల తన ఖాత తెరిచి సబ్జెక్టులన్ని ఎక్కినయా లేదా చూసుకున్నంకనే దరఖాస్తు పెట్టాలె. ఎక్కకపోతే లోపల ఉన్నప్పుడే అడగాలె, బయటికొచ్చినంక మన ఫోన్ ఎవ్వరు ఎత్తరు.

బ్యాంకు లోను తీసుకున్నోళ్ళు ఇది ఇంకా జాగ్రత్తగ చదువుండ్రి. చదువు లోనుకు మామూలుగ కోర్సు అయ్యేదాకా, ఆపైన ఒక ఏడు దాకా కిస్తీ మొదలుకాదు. అయిదేండ్ల కోర్సు అని రాసిచ్చి నాలుగేండ్లకే బయటికొస్తే, కిస్తీ కూడ ఒక ఏడు ముందుకు జరుగుతది. పిల్లగానికి ఉద్యోగం వస్తే ఫరక్ లేదు, రాకపోతే ఆ కిస్తీ మన మీద పడ్తది. కోర్సు మారినట్టు బ్యాంకుకు రాసి ఇచ్చి, కొత్త లెక్క కాయితం మీద తీసుకోవాలె. పిల్లలు వేరే దేశంల చదువుతుంటే ముందుగాల అడగాల్సింది అక్కడి యూనివర్సిటీల విదేశీ పిల్లల ఆఫీసును. కోర్సు చిన్నదైతే వీసా గడువు కూడ కదులుతది. దోస్తు చెప్పిండని, ఏజెంటు చెప్పిండని చేయొద్దు.

రెండో డిగ్రీ వదిలితే కాలేజీల వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటుకు దెబ్బ పడ్తదా అని మా వదిన అడిగింది. అది కాలేజీ కోర్సు మీద వస్తున్నది కాబట్టి ఆన్‌లైన్‌ది ఆపితే దానికేం కాదు. ఆగేది హాజరు తగ్గితేనే.

మా పిల్ల ఈ టర్ముకు ఆన్‌లైన్ల పేరు నమోదు చేసుకోలే. అక్కడ సబ్జెక్టు లెక్కన ఫీజు కాబట్టి ఈసారి కట్టేది కూడ లేదు. పూర్తిగ బయటికొచ్చే దరఖాస్తు మాత్రం ఇంక పెట్టలే, పాసయిన సబ్జెక్టులు ఖాతల ఎక్కినంక పెడత అన్నది. బ్యాక్‌లాగ్ పరీక్షల ఫీజు నేను కట్టిన. మా అన్న ఇంకా నాతోని సరిగ్గ మాట్లాడుతలేడు, మొన్న యూరియా కాడ లైన్ల కలిసినా తల ఊపి ఊకున్నడు. వదిన మాత్రం ఫోన్ చేసి చెప్పింది, పిల్ల ఇంటికొచ్చిన దినం పొద్దున తొమ్మిది దాకా లేవలేదట, ఎవ్వరు లేపలేదట.

మీ ఇంట్ల గాని, మీకు తెలిసినోళ్ళ ఇంట్ల గాని ఎవరన్న అయిదేండ్ల కోర్సు నుంచి నాలుగేండ్లకు మారి ఉంటే, వాళ్ళ కాలేజీల ఏ సెమిస్టర్ల అడగాల్సి వచ్చిందో, ఏ కాయితాలు అడిగిన్రో రాయుండ్రి. మా పక్క ఊరి పిల్లగాడు ఒకడు ఇప్పుడు మూడో ఏడుల ఉన్నడు, వాళ్ళ నాయిన దినాం నన్ను అడుగుతున్నడు.